ఎరుపుకి ఒకసారి, ఆకుపచ్చకి రెండుసార్లు

“కాలరు దగ్గర ఇంకోసారి తిప్పు. కెమెరాలో ముందు కనపడేది కాలరే,” అన్నారు ఆయన, ఇస్త్రీ బల్ల పక్కన బనీనుతో నిలబడి.

తిప్పాను. ఆయన కాలరు నిటారుగా నిలబడాలంటే ఎన్ని నీళ్ళు చిలకరించాలో నలభై మూడేళ్ళుగా నా చేతికి తెలుసు. ఈ వీడియో మీటింగుల కాలం వచ్చాక నాకు సగం పని తగ్గింది, అది ఒప్పుకోవాలి. పైన తెల్ల చొక్కా, కోటు. కింద మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన ఇంటి పైజామా. పై సగం లోకానికి ప్రొఫెసరు గారు, కింది సగం నాకు మొగుడు. ఆ ప్రొఫెసరన్న మాట కూడా జనం తగిలించిందే. ఆయన ఏ కాలేజీలోనూ ఒక్క పాఠం చెప్పలేదు. మ్యూజియంలో వస్తువుల జాబితా రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఎవరో ఒక సభలో పొరపాటున ప్రొఫెసరు గారూ అని పిలిచారు. ఆయన సరిదిద్దలేదు. ఎదుటివాడు ఏ తప్పు మాట్లాడినా అక్కడికక్కడే సరిదిద్దే మనిషి, ఆ ఒక్క తప్పుని మాత్రం ముప్పై ఏళ్ళుగా జాగ్రత్తగా పెంచుకుంటున్నారు.

ఆయన విద్య డాళ్ళ విద్య. వెనకటికి దూరదేశాల్లో యోధులు మెడదాకా ఇనుప టోపీలు దించుకుని యుద్ధానికి వెళ్ళేవాళ్ళట. మొహం కనపడకపోతే మనవాడెవడో, పరాయివాడెవడో తెలిసేదెలా? అందుకని డాలు మీద ఒక్కో వంశానికి ఒక్కో గుర్తు. ఒకడికి సింహం, ఒకడికి డేగ, ఇంకొకడికి అడ్డంగా ఒక పట్టీ. ఏ గుర్తు ఎవరిది, ఏ రంగు మీద ఏ రంగు ఉండాలి, సింహం ఏ కాలు ఎత్తాలి అని దీనికి బోలెడు నియమాలు. ఆ నియమాల మీద ఆయన ఒక లావుపాటి పుస్తకం రాశారు. అందులో రెండు వందల పదహారు డాళ్ళ బొమ్మలున్నాయి. రెండు వందల పదహారూ నేను వేసినవే. పుస్తకం మొదటి పేజీలో ‘ఓపికగా టీ అందించిన నా శ్రీమతికి’ అని అచ్చేయించారు. బొమ్మలు వేస్తూ మధ్యమధ్యలో టీ పెట్టిన మాట నిజమే. రెండు పనుల్లో టీ ఒక్కటే అచ్చుకెక్కింది.

నేను చదివింది ఐదో తరగతి. ఆరులో చేరాల్సిన ఏడు, మా నాన్న దగ్గర నిచ్చెన పట్టుకునే మనిషి పని మానేశాడు. ఆ నిచ్చెన నా చేతికొచ్చింది. మా నాన్న షాపులకి బోర్డులు రాసేవాడు. నిచ్చెన పట్టుకోవడంతో మొదలుపెట్టి, రంగులు కలపడం, దారం కట్టి సున్నం గీతలు కొట్టడం, ఆఖరికి అక్షరాలు నింపడం దాకా వచ్చాను. “నలుపు మీద పసుపు రాయి. ఎరుపు మీద తెలుపు రాయి. ఎరుపు మీద ఆకుపచ్చ రాశావో, బస్సులో పోయేవాడికి షాపుందని కూడా తెలియదు,” అనేవాడు నాన్న. పెళ్ళయ్యాక ఈయన మూడో అధ్యాయం గట్టిగా చదువుతూ, “బంగారం, వెండి, అంటే పసుపు, తెలుపు. ఇవి లోహాలు. తక్కినవి రంగులు. లోహం మీద లోహం వేయరాదు, రంగు మీద రంగు వేయరాదు. దూరం నుంచి గుర్తుపట్టాలి కనుక,” అంటే నాకు నవ్వొచ్చింది.

“ఎందుకు నవ్వుతావ్?”

“మా నాన్న కూడా ఇదే చెప్పేవాడండీ.”

“మీ నాన్న సైకిల్ షాపులకి బోర్డులు రాసేవాడు. ఇది శాస్త్రం,” అన్నారు.

ఇంతకీ ఈ శాస్త్రజ్ఞుడికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. హాస్యానికి అనడం లేదు. పెళ్ళయిన వారానికి, “ఆ ఎర్ర చొక్కా తియ్యి,” అని అల్మరాలో ఆకుపచ్చ చొక్కా చూపించారు. సరసమాడుతున్నారనుకుని నవ్వాను. మొహం గంటు పెట్టుకుని వెళ్ళిపోయారు. సాయంత్రం మా అత్తగారు వంటింట్లోకి పిలిచి, “అమ్మాయ్, వాడి బట్టలు ఇకమీదట నువ్వే తీసి పెట్టు. వాడికి రంగులు చూసుకునే తీరిక లేదు,” అంది. తీరికట! తర్వాత తెలిసింది, ఆవిడ అన్నదమ్ములిద్దరికీ కూడా ఆ తీరిక లేదని. పుట్టుకతో వచ్చిన లోపం, దానికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. కానీ ఆ ఇంట్లో మగవాళ్ళకి లోపాలుండవు. తీరిక లేకపోవడమే ఉంటుంది. కొడుకుల కళ్ళకి కోడళ్ళని తెచ్చి అతికించడమే వాళ్ళ వైద్యం.

పుస్తకం మొదటిసారి నలుపు తెలుపుల్లో అచ్చయింది, అది ఆయన అదృష్టం. రంగులు లేనప్పుడు డాలు మీద గీతలతో రంగులు చెబుతారు. నిలువు గీతలుంటే ఎరుపు, ఏటవాలు గీతలుంటే ఆకుపచ్చ. మ్యూజియం నుంచి తెచ్చిన రంగుల పటాలు చూసి ఆ గీతలు నేను గీసేదాన్ని, ఆ గీతలు చూసి ఆయన పాండిత్యం రాసేవారు. చిక్కొచ్చింది మనుషుల ముందే. ఒకసారి మ్యూజియం డైరెక్టరు మా ఇంటికొచ్చి, ఒక జెండా బొమ్మ బల్ల మీద పరిచి, “దీని నేల రంగు సరిగ్గా ఉందంటారా?” అని అడిగాడు. ఈయన నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. టీ కప్పులు పెడుతూ నేను పక్కనే కూర్చున్నాను. బల్ల కింద కాలితో ఆయన కాలు ఒకసారి నొక్కాను. “ఎరుపు... కొంచెం ముదరాలి,” అన్నారు. నొక్కితే ఎరుపని ఎందుకనుకున్నారో దేవుడికే తెలియాలి. ఆ పూటే ఇంకో బొమ్మకి రెండుసార్లు నొక్కాను. అంతే, కుదిరిపోయింది. ఎరుపుకి ఒకసారి, ఆకుపచ్చకి రెండుసార్లు. సభలకి, సమావేశాలకి, ఆఖరికి పెళ్ళి చీరల షాపుకి కూడా నేను పక్కన ఉండాల్సిందే. “మా ఆవిణ్ణి వదిలి ఒక్క అడుగు వేయలేనండీ,” అని పదిమందిలో చెప్పేవారు. ఎంత ప్రేమో అని ఆడవాళ్ళు నన్ను చూసి నిట్టూర్చేవాళ్ళు.

ఆ నొక్కుళ్ళ సంగతి మా ఇద్దరి మధ్య ఒక్కనాడూ మాటగా రాలేదు. ఆయన అడగలేదు, నేను అనలేదు. మనిషికి లోపల సిగ్గుగా ఉంటుంది, దాన్ని మాటల్లో పెట్టి బయటికి లాగడమెందుకు అనుకున్నాను. జాలిపడ్డాను. నా మీద విసుక్కున్నా, నా చదువుని వెక్కిరించినా, ‘పోనీలే, లోపల ఎంత నామోషీ పడుతున్నాడో’ అనుకునేదాన్ని. ఆ జాలి మీదే కాపురం చేశాను.

రెండు నెలల కిందట ఒక వీడియో గేముల కంపెనీ వాళ్ళు ఈయన్ని సలహాదారుగా పెట్టుకున్నారు. కారణం ఏమిటంటే, వాళ్ళ పాత ఆటలో ఒక వంశానికి ఇంకో వంశం డాలు పెట్టారట. ఇంటర్నెట్‌లో మగవాళ్ళు వేలమంది ఒక్కసారిగా లేచారు. చరిత్రని ఖూనీ చేశారన్నారు, డబ్బులు వెనక్కిమ్మన్నారు. మా మనవరాలు ఆ రాతలన్నీ ఫోనులో చదివి వినిపించింది. తిన్న కంచం ఎక్కడ పెట్టాలో తెలియని వాళ్ళందరికీ ఏడొందల ఏళ్ళ కిందటి సింహం ఏ కాలు ఎత్తాలో తెలుసు. అదే ఆటలో పొట్టలోకి బల్లెం దిగినవాడు ఒక యాపిల్ తిని లేచి కూర్చుంటాడు. దాని మీద మాత్రం ఎవడూ నోరెత్తలేదు.

అందుకని ఈసారి ఆటలో ప్రతి డాలూ ఈయన చూసి సరే అనాలి. పది రోజుల కిందట మొదటి మీటింగు. తెర మీద మేనేజరు ఒక గడిలో, బొమ్మలు వేసే అమ్మాయి ఇంకో గడిలో. పాతికేళ్ళుంటాయేమో ఆ అమ్మాయికి, గోళ్ళ చుట్టూ ఇంకా రంగు పెన్సిలు మరకలు. కంప్యూటరు మీద పని చేసేవాళ్ళకి కూడా మరకలవుతాయని నాకప్పుడే తెలిసింది. మొగుడు యుద్ధంలో చచ్చిపోతే కోటని తానే కాపాడుకునే ఆవిడొకరు ఆ ఆటలో ఉంది. కోటావిడ అని నేను పేరు పెట్టుకున్నాను. ఆ కోటావిడని ఈ అమ్మాయి నాలుగు నెలలు కూర్చుని గీసింది. చేతిలో డాలు, డాలు మీద డేగ.

“పాపా, ఇదేమిటి?” అన్నారు ఈయన.

“కోట యజమానురాలి డాలు సార్.”

“ఆడవాళ్ళకి డాలు ఉండదు. పేకముక్కల్లో డైమండు చూశావా? ఆ ఆకారంలో ఒక గడి ఉంటుంది. అందులో తండ్రి గుర్తో, మొగుడి గుర్తో వేసుకుంటారు. డాలు యుద్ధం చేసేవాళ్ళకి. గడి ఇంట్లో కూర్చునేవాళ్ళకి.”

“కథలో ఈవిడ యుద్ధం చేస్తుంది కదా సార్.”

“అయితే కథ మార్చుకోండి. చరిత్ర మారదు. నా పుస్తకం నాలుగో అధ్యాయం చదివావా అసలు?”

మేనేజరు మధ్యలోకొచ్చి, “సారు కాదంటే కాదు. వచ్చే మంగళవారం ఫైనల్ చేసేద్దాం. డాలు లేకపోతే ఆవిణ్ణి యుద్ధంలోంచి తీసేసి కిటికీ దగ్గర కూర్చోబెడదాం, అంతే,” అన్నాడు. కిటికీ దగ్గర కూర్చోబెడతాడట, ఎంత తేలిగ్గా అన్నాడో! ఆ అమ్మాయి కింది పెదవి పళ్ళ మధ్య పెట్టుకుంది. నాకెందుకో ఒళ్ళు మండింది. ఎందుకో కాదు, ఎందుకో నాకు బాగా తెలుసు.

పుస్తకం రాసే రోజుల్లో ఒకసారి ఈయన మ్యూజియం నుంచి దూది పెట్టిన డబ్బాలో ఒక మైనపు ముద్ర తెచ్చారు. బాదంగింజ ఆకారం, అరచేతిలో పట్టేంత. ముదురు ఆకుపచ్చ మైనం. అప్పట్లో పెద్దింటివాళ్ళు పత్రాల కింద సంతకం బదులు అలా ముద్ర వేసేవాళ్ళట. ఆ ముద్ర ఒక ఆడమనిషిది. పొడుగు అంగీ వేసుకుని నిటారుగా నిలబడి ఉంది. కుడి చేతిలో ఒక డాలు, ఎడమ చేతిలో ఒక డాలు. గడీ లేదు, డైమండూ లేదు, కిటికీ అసలే లేదు. డబ్బాలో ఒక చీటీ ఉంది, ఈయన చేతిరాతే. కూడబలుక్కుని చదువుకున్నాను. ‘తొలి రోజుల్లో స్త్రీలు కూడా తమ ముద్రల మీద డాళ్ళు చూపేవారు. గడి ఆచారం తర్వాతి శతాబ్దాలలో స్థిరపడింది.’ అప్పుడు మా అమ్మాయికి ఆరు నెలలు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. పిల్లని ఎడం భుజాన వేసుకుని, కుడిచేత్తో రెండు రోజులు ఆ బొమ్మ వేశాను. అంగీ మడతలు కూడా ఒక్కటి వదల్లేదు. అచ్చుకి అక్కర్లేకపోయినా మైనం ఆకుపచ్చ కూడా వేశాను. నా జీవితంలో అంత బాగా ఇంకే బొమ్మా కుదరలేదు. పుస్తకం అచ్చయి వచ్చాక మొదట ఆ బొమ్మ కోసమే పేజీలు తిప్పాను. లేదు.

“ఆ ముద్ర బొమ్మ ఏదండీ?”

“తీసేశాను. అది పెడితే నాలుగో అధ్యాయం నిలబడదు.”

అధ్యాయం తీసేయాలని తోచలేదు ఆయనకి. ఉన్న ఆడదాన్ని లేకుండా చేయడమే తేలికనిపించింది. చరిత్ర మారదని ఈ మనిషి ఇప్పుడొక చిన్నపిల్లకి పాఠం చెబుతున్నారు.

నాకేమీ పెద్ద ఆశలు లేవు. ఆ రెండు వందల పదహారు బొమ్మల కింద నా పేరు ఎలాగూ రాదు. పుస్తకంలో నిలబడలేకపోయిన ఆ ఆడమనిషి, పోనీ, ఈ ఆటలోనైనా డాలు పట్టుకుని నిలబడితే చూసి పోదామనిపించింది. మర్నాడు పొద్దున ట్రంకుపెట్టె అడుగున పాత దుప్పట్ల కింద వెతికి ఆ బొమ్మ తీశాను. అంచులు పసుపెక్కాయి, ఆకుపచ్చ మాత్రం చెక్కుచెదరలేదు. తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

“ఇది గుర్తుందా అండీ?”

“చింపెయ్యమన్నాను కదా.”

“చింపలేదు.”

“అది మినహాయింపు. ఎక్కడో ఒకటీ అరా ఉంటాయి.”

“మీ చీటీలో ఒకటీ అరా అని లేదు. ఆడవాళ్ళు చూపేవారనే ఉంది.”

కళ్ళజోడు పైనుంచి చూశారు. ఇస్త్రీ పెట్టె లేచి మాట్లాడినా అంత విడ్డూరంగా చూసేవారు కాదేమో. “ఇప్పుడు దీన్ని బయటపెడితే నా పుస్తకం తప్పని నేనే ఒప్పుకున్నట్టు.”

“తప్పే కదండీ.”

“నువ్వు బొమ్మ గీశావు. దాని అర్థమేమిటో చెప్పేది నేను. ఐదో తరగతి చదువుకి అంతకంటే అక్కర్లేదు. వెళ్ళి టీ పెట్టు.”

టీ పెట్టాను. అవును, పెట్టాను. అంత మాటనిపించుకుని టీ ఎలా పెట్టావు అమ్మమ్మా అని మా మనవరాలు అడిగింది. పొయ్యి వెలిగించడానికి ఆత్మగౌరవం అడ్డు రాదే పిల్లా, అలవాటైన చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది అన్నాను.

మంగళవారం పదకొండింటికి మీటింగు. కాలరు నిలబడింది, కోటు తొడిగాను, మనవరాలు ల్యాప్‌టాప్ తెరిచి పెట్టి కాలేజీకి వెళ్ళింది. “నువ్వు పక్కన కూర్చో, కాగితాలందించడానికి,” అన్నారు ఎప్పట్లాగే. ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అందులో అడుగున నా బొమ్మ కూడా పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పటికి నాకే సరిగా తెలియదు. దగ్గరుంటే చాలనిపించింది.

మొదటి ఆరు డాళ్ళు సజావుగా సాగాయి. తెర మీదికి ఒక డాలు వస్తుంది, నా కాలు కదులుతుంది, ఆయన నోరు కదులుతుంది. “ఈ ఎరుపు ఫర్వాలేదు.” “ఈ ఆకుపచ్చ మీద నీలం గీత ఏమిటి? రంగు మీద రంగు! తీసెయ్యండి.” “అబ్బ, ఏం కళ్ళు సార్ మీవి,” అన్నాడు మేనేజరు. ఆయన గంభీరంగా తల పంకించారు. ఆ కళ్ళు బల్ల కింద రబ్బరు చెప్పుల్లో ఉన్నాయి.

ఏడోది కోటావిడ. ఆ అమ్మాయి డాలు తీసేయలేదు. ఇంకా బాగా గీసుకొచ్చింది. ఆకుపచ్చ నేల మీద తెల్ల డేగ, రెక్కలు విప్పుకుని.

“మళ్ళీ ఇదేనా?” అన్నారు ఈయన.

“సార్, నేను కొన్ని పాత ముద్రల గురించి చదివాను. వాటి మీద ఆడవాళ్ళు...”

“ఎక్కడ చదివావు? ఇంటర్నెట్‌లోనా?” అని మేనేజరు వైపు తిరిగి, నవ్వుతూ, “ఈ పాపని పూలూ పరదాలూ గీసుకోమనండి. ఇలాంటివాటికి కొంచెం బుర్ర కావాలి,” అన్నారు. మేనేజరు కూడా నవ్వాడు. ఆ అమ్మాయి తెర మీంచి కళ్ళు దించేసింది. ఆ దించడం నాకు తెలుసు. ఎవరూ నేర్పకుండానే వస్తుంది. ఒకసారి వచ్చిందంటే మెడ మళ్ళీ పైకి లేవడానికి ఎన్నేళ్ళు పడుతుందో కూడా నాకు తెలుసు.

కాళ్ళు రెండూ కుర్చీ మీదికి మడిచి, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

బల్ల కింద ఆయన కాలు నా కాలి కోసం వెతికింది. కుర్చీ కాలికి తగిలింది. ఇటు జరిగింది, అటు జరిగింది. పైన మొహం మాత్రం చెక్కు చెదరలేదు. ఇన్నేళ్ళలో ఆగిపోవడం ఆయనకి అలవాటు తప్పిపోయింది. ఆగి ఉంటే గట్టెక్కేవారు.

“డాలు సంగతి అటుంచండి,” అన్నారు. “అసలు ఈ ఎరుపే తప్పు. ఆ కాలంలో ఎరుపు ఇలా ఉండదు. ఇంత లేత ఎరుపు ఏ చేతిరాత ప్రతిలోనూ నేను చూడలేదు. ఎరుపంటే రక్తం, ఎరుపంటే...”

“సార్,” అంది ఆ అమ్మాయి మెల్లగా. “అది ఆకుపచ్చ.”

అటువైపు మేనేజరు కూడా తెర దగ్గరికి వంగి చూశాడు.

“మీ స్క్రీనులో ఏదో తేడా ఉంది,” అన్నారు ఈయన.

“నాకూ ఆకుపచ్చగానే ఉంది సార్,” అన్నాడు మేనేజరు, భయంభయంగా.

“అయితే మా స్క్రీను పాడైంది. ఇదిగో,” అని నా వైపు తిరిగారు. నలభై మూడేళ్ళలో మొదటిసారి, నలుగురి ముందు, నోటితో అడిగారు. “నువ్వు చెప్పు. ఇక్కడ మనకి ఎరుపే కదా కనిపిస్తోంది?”

కళ్ళల్లో ఆజ్ఞ ఉంది. ఒక్క మాట చాలు. ఎరుపేనండీ అంటే స్క్రీను పాడైనట్టు. ఆయన నిలబడతారు, కోటావిడ కిటికీ దగ్గర కూర్చుంటుంది, ఆ అమ్మాయి పూలూ పరదాలూ గీసుకుంటుంది.

“ఆకుపచ్చ,” అన్నాను. “స్క్రీను బాగానే ఉంది. ఆ అమ్మాయి డాలు కూడా బాగానే ఉంది.”

ఫైలు అడుగునుంచి బొమ్మ తీసి కెమెరా ముందు పెట్టాను. “ఇదొక మైనపు ముద్ర. ఏడొందల పైచిలుకు ఏళ్ళ నాటిది. మ్యూజియంలో ఇప్పటికీ ఉంటుంది, కావాలంటే వెళ్ళి చూసుకోండి. ఈవిడ చేతుల్లో ఉన్నవి రెండూ డాళ్ళే. గడి సంగతి తర్వాతెప్పుడో గట్టిపడింది. ఆ ముక్క ముద్ర డబ్బాలో చీటీ మీద రాసింది ఈయనే.”

ఆ అమ్మాయి కెమెరాకి అంత దగ్గరగా వచ్చింది, తెర నిండా కళ్ళే కనిపించాయి. “అమ్మమ్మ గారూ, ఇది... ఇది ఎవరు గీశారండీ?”

“నేనే.”

“మా ఆవిడకి కాలక్షేపానికి కొంచెం బొమ్మల పిచ్చి ఉందిలెండి,” అన్నారు ఈయన. నవ్వబోయారు గానీ అటువైపు ఎవరూ కలవలేదు. మేనేజరు గొంతు సవరించుకుని, డాలు ఉండనిద్దామన్నాడు. ఆధారం ఉందని చెబితే ఇంటర్నెట్ జనం కూడా నోరు మూసుకుంటారన్నాడు. వాడి భయం వాడిది. ఆ మాట అమ్మాయి చెప్పినప్పుడు తలకెక్కలేదు మరి.

ల్యాప్‌టాప్ మూసేశారు. కోటు విప్పి కుర్చీ మీద పడేశారు. గట్టిగా అరుస్తారేమో, కనీసం కప్పు విసిరేస్తారేమో అనుకున్నాను. వెళ్ళి కిటికీ చువ్వలు పట్టుకుని వీధిలోకి చూశారు. తర్వాత, నా వైపు తిరగకుండానే అన్నారు.

“రెండుసార్లు నొక్కాల్సింది.”

నలభై మూడేళ్ళుగా మా మధ్య మాటగా రాని మాట వచ్చింది. పిచ్చిదాన్ని, దాని వెనకే ఇంకోటి వస్తుందనుకున్నాను. ఇన్నాళ్ళూ నీ కళ్ళతో చూశానే అనో, సిగ్గేసి చెప్పలేకపోయాను అనో. ఆ ముక్క వచ్చి ఉంటే, నిజం చెబుతున్నాను, కాళ్ళు మళ్ళీ కిందికి దించేసేదాన్ని.

“అయినా ఇన్నేళ్ళూ నువ్వు చేసిందేమిటి?” అన్నారు. “కాలు కదిపావు. అంతేగా? ఆ కాస్త పని కూడా ఇవాళ చేయలేకపోయావు.”

ఎక్కడా సిగ్గు లేదు ఆ గొంతులో. నేను దుప్పటి కప్పి దాచానని మురిసిపోయిన సిగ్గు అసలు లేనే లేదు. జీతమివ్వని పనిమనిషి ఒక పూట రాకపోతే ఉండే చిరాకు, అదే ఉంది. ఇన్నేళ్ళ జాలీ ఒక్కసారిగా చల్లారిపోయింది. ఏడుపు రాలేదు. జాలి పోయాక మనిషి ఎంత చిన్నగా కనిపిస్తాడో చూశాను. ఇస్త్రీ చేసిన చొక్కా, వెలిసిపోయిన పైజామా, మధ్యలో ఎవరూ లేరు.

“అంతేనండీ,” అన్నాను. “కాలే కదిపాను. ఇక కదపను.”

మర్నాడు పది గంటలకి ఆయన ఫోను మోగింది. బొమ్మల అమ్మాయి. గొంతు నాకు కూడా వినపడుతోంది. ఇంకా ముప్పై ఒక్క డాళ్ళు మిగిలాయట, అమ్మమ్మ గారితో మాట్లాడాలట.

“నాకు చెప్పు పాపా, నేను చూస్తాను,” అన్నారు.

“మీకు కాదు సార్. ఆవిడకివ్వండి.”

ఫోను నా ముందు బల్ల మీద పెట్టారు. అందించలేదు, పెట్టారు. నేను ల్యాప్‌టాప్ తెరిచి, కుర్చీ బల్ల మధ్యకి జరుపుకుని కూర్చున్నాను. ఆయన ఎదురుగా సోఫాలో పేపరు విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. తెర మీదికి మొదటి డాలు వచ్చింది, మంచి నిండైన రంగు. పేపరు వెనక నుంచి చాలాసేపటికి, “ఏమిటది? ఎరుపా?” అని వినపడింది.

“బాగుందమ్మా,” అన్నాను ఆ అమ్మాయితో. “రెండోది చూపించు.”